సగం ఇంటి బీమా

మంటలు ఆరేసరికి టైల్స్ షావుకారు చేతిలో మిగిలినవి వంటగది పోయిన ఇల్లు, సరుకులో ఇరుక్కున్న పెట్టుబడి, ఇరవై లక్షల బీమా పాలసీ. వంటగదినీ దాని కప్పునీ మళ్లీ కట్టాలంటే నాలుగు లక్షలన్నాడు మేస్త్రీ. వానలు ముంచుకొస్తున్నాయి. ఆ నాలుగూ బీమా నుంచి రాకపోతే షాపులో సరుకు అయినకాడికి తెగనమ్ముకోవాలి.

పాలసీ తీసుకున్న రోజున ఏజెంటు, ఇల్లు మళ్లీ కట్టడానికి నలభై లక్షలవుతుంది, అంతకీ బీమా చెయ్యమన్నాడు. ఇల్లంతా ఒక్కసారే కాలుతుందా ఏమిటని షావుకారు ఇరవైకి తెగ్గొట్టాడు. ప్రీమియం సగమైంది. ఏజెంటును చిత్తుచేశానని ఇంట్లో గొప్పలు పోయాడు.

"అగ్గి కూడా మీతో బేరమాడి వస్తుందేమిటండీ?" అంది భార్య.

ఇప్పుడు బీమా సర్వేయరు వచ్చాడు. మాట పొదుపు మనిషి. మసిబారిన వంటగది చూసి రాసుకుని, టేపు పట్టుకుని ముందుగదిలోకి నడిచాడు. కాలని గదులెందుకు కొలుస్తున్నాడో షావుకారుకు అంతుపట్టలేదు. ఇంటి ఘనత చూపిస్తే నాలుగు రాళ్లు ఎక్కువ రాలతాయనుకుని, నేలంతా పాలరాయేనంటూ గదిగదికీ తిప్పి ఊదరగొట్టాడు. సర్వేయరు అన్నీ రాసుకుంటూపోయాడు. ఆ రాత చూసి షావుకారు ఉండబట్టలేకపోయాడు. కాలని గదుల గొడవెందుకని అడిగాడు.

"మీరు సగం ఇంటికే బీమా చేశారు. మిగతా సగానికి మీరే బీమా కంపెనీ. ఎంత కాలినా అసలు కంపెనీ ఇచ్చేది సగమే. ఇల్లు ఇంకా ఖరీదైందని తేలితే మీకొచ్చేది ఇంకా తగ్గుతుంది."

పాలరాయి పొగడ్తలు షావుకారుకు గుర్తొచ్చాయి. ఇంతసేపూ తన గొయ్యి తనే తవ్వుకున్నాడు. సర్వేయరు వీధి తలుపు మీద చెయ్యి వేసి, ఇంట్లో కలపంతా టేకేనా అన్నాడు.

పుట్టి బుద్ధెరిగి సరుకును పొగడటమే తప్ప తెగడటం ఎరగని నోరది. "టేకా పాడా. నాసిరకం చెక్కండీ, పైన పాలిష్ మాయ."

సర్వేయరు తలుపును వేలితో తట్టి, పక్కనే నిలబడ్డ షావుకారు భార్య వైపు తిరిగాడు. "ఏమ్మా?"

షావుకారు కళ్లతోనే బతిమాలాడు. ఆవిడ ఆయన్ని చూసింది, తలుపును చూసింది.

"టేకేనండీ. డిపోలో ఒక్కో దూలం నేనే ఏరాను. ఆయన భయపడి అలా అంటున్నారు."

సర్వేయరు టేకనే రాసుకున్నాడు. వంటగది అల్మారాల సంగతి అడిగాడు. వాటి బిల్లులు అల్మారాలతోపాటే కాలిపోయాయి. ఆవిడ అర అరా లెక్క చెప్పింది. రుజువు అడక్కుండా ఆవిడ చెప్పిందంతా రాసుకున్నాడు.

"టేకు దగ్గర నిజం చెప్పినవారు అల్మారాల దగ్గర అబద్ధమాడరు," అన్నాడు వెళ్లబోతూ.

నాలుగు లక్షలకు రెండొచ్చాయి. మిగతా రెండూ సరుకు తెగనమ్మి పోగుచేస్తే, వానకు ముందే కొత్త కప్పు పడింది. కొత్త పాలసీ నలభై లక్షలకూ బేరమాడకుండా రాయించాడు. పాత బేరంలో ఇన్నేళ్లూ ప్రీమియం మీద మిగిలింది పదిహేను వేలు. భార్య టేకని నిజం చెప్పినందుకు బీమాలో తగ్గింది ఇరవై వేల పైమాట. అల్మారాలకు ఆవిడ మాట మీద వచ్చింది పదివేలు. ఆ రెండిటి తేడా పదివేల చిల్లరా పోగొట్టుకుంటే, ఇంటిమనిషి మాటకు బయట ఎంత విలువుందో షావుకారుకు తెలిసింది. ఆ తెలివి చవకగానే వచ్చిందనుకున్నాడు.