గొంతులు మారిన వేసవి

ఆదివారం భోజనాలయ్యాక మెవొరాఖ్ జాహిర్ ఇంటికి వెళ్లడం, సాయంత్రం నమాజు పిలుపు వినబడేదాకా ఇద్దరూ వాదించుకోవడం ఈజిప్టులోని ఫుస్తాత్ పట్నంలో ఆ వీధి వీధంతటికీ అలవాటే. మెవొరాఖ్ యూదుడు, వైద్యుడు. జాహిర్ మసీదులో తర్కం చెప్పే పండితుడు. ఒకే గ్రీకు పుస్తకాన్ని ఇద్దరూ అరబీలో చదివారు, చెరో దారి పట్టారు. కాలానికి మొదలుంది, దేవుడే దాన్ని మొదలుపెట్టాడంటాడు మెవొరాఖ్. మొదలే లేదు, దేవుడు ఎప్పటినుంచీ ఉన్నాడో ఆయన లోకమూ అప్పటినుంచే ఉందంటాడు జాహిర్.

“అరబీ మాటలు రాసి, వాటికి మీ హీబ్రూ అక్షరాలు తొడుగుతావేం? నేను చదివి దొంగిలిస్తాననా?” అనేవాడు జాహిర్.

“దొంగిలించదగ్గ మాటలు నా దగ్గరున్నాయని ఒప్పుకున్నావు. అది చాలు షేక్ గారూ!”

తెర వెనక జాహిర్ తల్లి నాజియా నవ్వేది. చూపు పోయినప్పటినుంచీ ఆవిడకి ఈ వాదనే కాలక్షేపం.

ఒక వేసవిలో గొడవ ఎంత ముదిరిందంటే పక్కింటివాళ్లు తలుపులు మూసుకున్నారు. చివరికి మెవొరాఖ్ లేచి “వస్తా” అన్నాడు. అతని నోట వచ్చింది జాహిర్ బొంగురు గొంతు. “మంచిది” అన్నాడు జాహిర్, మెవొరాఖ్ సన్నటి గొంతుతో.

“ఎండలు అలా ఉన్నాయి మరి. కాసిని బార్లీ నీళ్లు తాగండి,” అన్నాడు వీధి మలుపులో పళ్లమ్మేవాడు, మెవొరాఖ్ పలకరింపు విని.

మెవొరాఖ్ ఇంటికెళ్లి తలుపు కొట్టి పిలిస్తే, అతని భార్య తుర్ఫా ముసుగు సర్దుకుని, లోపలినుంచే చెప్పింది: “ఆయన ఇంట్లో లేరు షేక్ గారూ, తర్వాత రండి.”

“నేనేనే!”

“మీరేనని తెలుస్తూనే ఉంది. ఆయన రాగానే చెబుతాను.”

ఇక అన్నీ తికమకలే. యూదుల ప్రార్థనామందిరంలో మెవొరాఖ్ నోరు తెరిస్తే, షేక్ ఎప్పుడొచ్చాడా అని అందరూ గుమ్మం వైపు చూసేవాళ్లు. మసీదులో శిష్యులకి గురువు చెబుతున్నది తన వాదమో, వైద్యుడిదో బోధపడేది కాదు. “వైద్యుడు ఈమధ్య మనింట్లోనే పడుకుంటున్నాడేంట్రా?” అని నాజియా, అడుగుల చప్పుడు బట్టి పోల్చుకుని, కొడుకునే అడిగింది. విషయం తెలిశాక నాలుగు రోజులు నవ్వుకుంది.

అందరికంటే ఎక్కువ చిక్కు ఆ ఇద్దరిదే. ఎదుటివాడు కాదంటున్నది తన గొంతుతోనే అయ్యేసరికి, తను ఎప్పుడు మనసు మార్చుకున్నాడో తెలియక మెవొరాఖ్ మధ్యలో ఆగిపోయేవాడు.

నైలు పొంగిన రోజుల్లో జాహిర్‌కి జ్వరం పట్టుకుంది. మెవొరాఖ్ తనకు తెలిసిన మందులన్నీ వాడాడు. ఏదీ పనిచెయ్యలేదు. “మన వాదం ఇంకా తేలలేదు కదా,” అన్నాడు జాహిర్ ఆఖరికి, మెవొరాఖ్ గొంతుతో. ఆ గొంతు అతనితోపాటే మట్టిలోకి వెళ్లిపోయింది.

ఆ రోజునుంచీ నాజియా అన్నం ముట్టలేదు. కోడలు ఏడుస్తూ వైద్యుడింటికి వచ్చింది.

“మాట్లాడకండి, నాడి చూసి వచ్చెయ్యండి. పోయిన కొడుకు గొంతు వినిపిస్తే ఆ తల్లి తట్టుకోగలదా?” అంది తుర్ఫా.

మెవొరాఖ్ పెదవి విప్పకుండా వెళ్లి మంచం పక్కన కూర్చున్నాడు. నాడి దారంలా ఉంది. నాజియా చటుక్కున అతని వేళ్లు పట్టుకుంది.

“కర్పూరం వాసనొస్తోంది. వైద్యుడివే. మాట్లాడవేం?”

అతను వేళ్లు వెనక్కి తీసుకోబోయాడు.

“నేను గుడ్డిదాన్నే గానీ పిచ్చిదాన్ని కాను నాయనా. నా కొడుకు లేడని నాకు తెలుసు. వాడి గొంతు నీ దగ్గరుందనీ తెలుసు. విననివ్వు.”

“ఏం మాట్లాడమంటావమ్మా?”

ఆ గొంతుకి ఆవిడ ముఖం వణికింది. “ఆ గొంతు మాట్లాడాల్సిందే మాట్లాడు. కాలానికి మొదలు లేదను. నీ వాదం నేను చెబుతా, ఇన్నేళ్లూ విన్నాగా. చూడు, నీళ్లవాడి ముందు వరసకి మొదలే లేదనుకో. నా వంతు ఎప్పటికైనా వస్తుందా? మరి ఇవాళ్టి రోజు వచ్చిందంటే, రోజులకి మొదలున్నట్టే కదా?”

అది మెవొరాఖ్ జీవితమంతా నమ్ముకున్న వాదం. దాన్ని విరగ్గొట్టాలని అతనికి లేదు. ఆవిడ సంతోషం కోసం ఏదో ఒకటి అందామని నోరు తెరిచాడు.

“అమ్మా, మొదట్లో ఒకడు నిలబడ్డాడని నువ్వు చెప్పకుండానే అనుకుంటున్నావు. మొదలే లేనప్పుడు అక్కడ నిలబడేదెవరు? ఆ వరసలో ఎవర్నైనా వేలుపెట్టి చూపించు. ఎంత దూరాన ఉన్నా, వాడికీ నీకూ మధ్య ఉన్నవాళ్లని లెక్కపెట్టొచ్చు. ఇక నీ వంతు ఎందుకు రాదు?”

అనేశాక తనే బిత్తరపోయాడు. జవాబు కోసం తన బుర్రంతా వెతికాడు. దొరకలేదు.

“జాహిర్ ఈ మాట ఎప్పుడూ అనలేదు,” అంది నాజియా నెమ్మదిగా. “నువ్వూ అనలేదు. ఎవరిదిది?”

“తెలీదమ్మా. నిజంగా నాకు తెలీదు.”

ఆవిడ మోచెయ్యి ఆనించి లేచి కూర్చుంది.

“అమ్మాయ్, రొట్టె పట్రా. దీనికి జవాబు చెప్పాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి.”

కోడలు వంటింట్లోకి పరిగెత్తింది. ముసలావిడ రొట్టె నములుతూ ఆలోచిస్తూంటే, ఎలాగైనా ఆవిడ చేతిలో తనని ఓడించమని మనసులో దేవుణ్ని వేడుకుంటూ మెవొరాఖ్ అక్కడే కూర్చుండిపోయాడు.