కరుణ చేతికి బీమా

గల్ఫ్ కంపెనీలో రేకులు కోసే మిషన్‌లో కుడిచేతి నాలుగు వేళ్లూ పోయినప్పుడు లచ్చన్నకు మొదట గుర్తొచ్చింది నొప్పి కాదు, ఇల్లు. జగిత్యాల దగ్గర ఊళ్లో బ్యాంకు లోనుతో కట్టిన రెండు గదుల ఇల్లు. దెబ్బ తగిలినప్పటి నుంచి మూడు కిస్తీలు తప్పాయి. ఇంకొకటి తప్పితే గోడకు నోటీసు అంటిస్తామని బ్యాంకువాళ్లు చెప్పి పోయారు.

నష్టపరిహారం అడిగితే కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, ఫైలు నడుస్తోందంటాడు. ఫైలుకు కాళ్లున్నాయి, లచ్చన్నకు వేళ్లు లేవు. వికలాంగుల పింఛను కావాలంటే ఊరికి పోయి డాక్టర్ల ముందు చెయ్యి చూపించాలి. వచ్చినా కిస్తీలో సగానికి చాలదు. ఇల్లు లేనివాడికి ఇల్లిస్తామని అందరూ అంటారు. ఉన్న ఇల్లు జారిపోతున్నవాడి మొహం ఎవడు చూశాడు?

మిగిలింది బీమా. లోనుతో పాటు బ్యాంకే అంటగట్టింది. చెయ్యో కాలో పోతే అప్పంతా బీమా కంపెనీ తీరుస్తుందని.

ముసఫ్ఫా లేబర్ క్యాంపు రూములో పక్క మంచం నరేశ్ ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"సార్, పాలసీ మీ పేరు మీద లేదు," అంది బీమా ఆఫీసు అమ్మాయి. "లోను తీసుకున్నది కరుణ గారు. ఆవిడకేమైనా అయితేనే వర్తిస్తుంది."

"కట్టేది నేనేనమ్మా. పైసలన్నీ నా జీతంలకెళ్లే పోయినయి."

"అర్థమైంది సార్. సంతకం ఆవిడది."

ఆవిడదే. లోను రోజు మనిషి బ్యాంకుకు రావాలన్నారు, ఇక్కడ వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, సెలవివ్వలేదు. గల్ఫ్‌కు వచ్చినవాళ్లు చాలామంది చేసేదే లచ్చన్నా చేశాడు. స్థలం, లోను భార్య పేరున పెట్టి నెలనెలా పైసలు పంపాడు. రేకులు మోసిన చెయ్యి ఒకరిది, బీమా ఉన్న చెయ్యి ఇంకొకరిది.

"ఖలాస్," అని నరేశ్ ఫోన్ పెట్టేశాడు. "లచ్చన్నా, మన రూము చిట్టి ఈ నెల నీదే. పాట లేదు. దెబ్బ తాకినోని మీద పాడుడు మన రూముల లేదు."

"శుక్రారం నన్ను ఇంటికి పంపుతున్నరు. చిట్టి మిగిలిన నెలలు ఎవడు కడ్తడు?"

"మేమందరం చచ్చినమా?"

"ఆ పైసలతోని ఇంటికి ఎన్ని కిస్తీలొస్తయిరా?"

"ఐదు."

"ఆరోది?"

నరేశ్ బియ్యం కడగడానికి లేచాడు.

లచ్చన్న ఎడమ చేత్తో కరుణకు ఫోన్ చేశాడు. ఆమె బీడీలు చేస్తోంది. తునికాకు కత్తిరిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. బీమా ఆఫీసు అమ్మాయి చెప్పింది, చిట్టి సంగతి, అన్నీ వరుసగా అప్పజెప్పాడు, ఎవరింటి సంగతో చెప్పినట్టు.

"అంటే బీమా నా చెయ్యికున్నదా?"

"ఆఁ."

"ఏ చెయ్యికైనా?"

"పిచ్చి మాటలు మాట్లాడకు."

"అడుగుతున్న. నీ చెయ్యికి పైస రాలె. నాది పోతే ఇల్లు నిలుస్తదా?"

"నాకెట్లాగూ లేదు. నీది గూడ పోతే బువ్వ ఎవరు కలపాలె?"

అవతల కత్తెర ఆగింది. లచ్చన్న ఫోన్‌ను చెవికి అదిమి పట్టుకున్నాడు. ఏమీ వినపడలేదు.

"ఐదు కిస్తీలొస్తయంటివి గదా," అంది కరుణ చివరికి. "రా. ఎడమ చేతితోని ఆకు కత్తిరించుడు నేర్సుకుందువు."

కత్తెర మళ్లీ మొదలైంది. తెగుతున్నది ఆకేనని తేలేదాకా అతను వింటూ కూర్చున్నాడు.