సగం మాత్ర

ఆ రోజు ఇంట్లో నాన్న, అమ్మ, అక్క, మేనత్త, నేను ఉన్నాం. నాన్న ఇళ్ళకు రంగులు వేస్తాడు. వాన పడుతోంది కాబట్టి పనికి వెళ్ళలేదు.

అక్కకు చిన్నప్పటి నుంచి ఫిట్స్. మాత్ర కుదిరాక చాలాకాలంగా రాలేదు. కిందటిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కొత్తగా ఒక విటమిన్ గోళీ రాసింది. ఫిట్స్ వల్లా, ఏళ్ళ తరబడి వాడే మందు వల్లా ఒంట్లో తుప్పులాంటిది పడుతుందనీ, విటమిన్ దాన్ని కొంత తగ్గించవచ్చనీ చెప్పింది. "ఇది తోడు మాత్రమే. అసలు మాత్ర తగ్గించకూడదు" అని కూడా అంది. ఆమె ఆ మాట అనేసరికి నాన్న అప్పటికే లేచి గుమ్మం దాటాడు. నేను విన్నాను.

నాన్నకు తెలిసిన లెక్క రంగు డబ్బాది. నిండు డబ్బాలో పలచన చేసే నూనె పోయాలంటే ముందు కొంత రంగు తీసేయాలి, లేకపోతే పొర్లిపోతుంది. అక్క ఒంటికీ అదే లెక్క వేశాడు. గోడలు గోకే రేకును కడిగి, ఫిట్స్ మాత్రను దానితో సగం చేసి, విటమిన్ గోళీ జతచేసి రోజూ అక్క చేతిలో పెడుతున్నాడు.

ఆ మధ్యాహ్నం కూడా పెట్టాడు.

"సగం కాదు నాన్నా" అన్నాను.

"ఏమంటోంది మన గుసగుస?" నా గొంతుకు నాన్న పెట్టిన పేరది.

"దాని మాట వినాలంటే చెవి కోసి దాని నోటికి కట్టాలిరా తమ్ముడూ" అంది అత్త. అక్క కూడా నవ్వింది.

"డాక్టరమ్మ తగ్గించొద్దంది."

"రెండు మందులు పూర్తిగా వేస్తే ఒళ్ళు తట్టుకోవద్దూ?" అన్నాడు నాన్న. "ఇదివరకు నిలబడి నిద్రపోయేది. ఇప్పుడు చూడు, ఎంత చురుగ్గా ఉందో!"

"నిజమే చెల్లీ, తల బరువు తగ్గింది. నన్నిలా ఉండనీ" అంటూ అక్క ఇస్త్రీ పెట్టె అందుకుంది.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ మడతలు పెడుతూ, "పెద్దవాళ్ళు చూసుకుంటార్లే" అంది.

చొక్కా ఇంకా సగంలో ఉండగానే అక్క మెడ ఒక పక్కకు తిరిగిపోయింది. ఇస్త్రీ పెట్టె నేలమీద పడింది. అమ్మ ప్లగ్గు లాగేసింది. నేను అక్కను పక్కకు తిప్పి, తల కింద మడత బట్టలు పెట్టాను. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం ఆగింది. హమ్మయ్య అనుకున్నాం. కళ్ళు తెరవకముందే మళ్ళీ మొదలైంది. పెదవులు నల్లబడ్డాయి.

పక్కింటాయన వ్యాను తెచ్చాడు. నాన్న అక్కను ఎత్తుకుని పరుగెత్తాడు. అమ్మ ముందే ఎక్కి ఒడి పట్టింది.

"ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకొచ్చింది? ఆ పాడు విటమిన్ పడలేదురా" అంది అత్త, గొడుగు పట్టుకుని వెంట వస్తూ.

నాన్న ముఖంలోకి కాస్త జీవం వచ్చింది. "అంతే అక్కా. అదే చెబుతాను."

అది చెబితే డాక్టరమ్మ విటమిన్ ఆపుతుంది. సగం మాత్ర సంగతి ఆమెకు ఎవరు చెబుతారు? నేను ఎక్కబోయాను. నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"సగం మాత్రే వేశామని చెప్పు నాన్నా!"

పక్కింటాయన వెనక్కి తిరిగి చూశాడు. అంత గొంతు నాకుందని నాకే తెలియదు.

"నలుగురిలో అరుస్తావేం? ఇంట్లోకి పో."

"చెబుతానని అను నాన్నా. సగమని..."

నాన్న నా ముఖం మీదే వ్యాను తలుపు వేసేశాడు.