చావుకు తీరికలేని నాయకురాలు

ఆ ఉదయం పది గంటలకు తియమికేకు లండన్ వాళ్లతో ఫోనులో ఇంటర్వ్యూ. ఆఫ్రికా పల్లెలను బాగుచేసే కుర్ర నాయకులకు వాళ్లిచ్చే ఫెలోషిప్ అది. ఏడాది పాటు అక్కడ ఉంచుకుని, పల్లె జనాన్ని కూడగట్టడం నేర్పి పంపుతారు. పాడైన బోరింగును ఊళ్లో ఆడవాళ్ల చేత బాగుచేయించింది కనుక తియమికే పేరు అంతదాకా పోయింది.

తెల్లవారుజామున నాఫిరి ముసలమ్మ పోయింది. ఆ బోరింగు పనికి అందరికంటే ముందు చితెంజె గుడ్డ నడుముకు బిగించిన మనిషి ఆమే.

మలావీ పల్లెలో ఒక ఇంట చావంటే ఊరంతటికీ చావే. మగవాళ్లు గొయ్యి తవ్వుతారు, ఆడవాళ్లు కట్టెలూ మొక్కజొన్న పిండీ నెత్తిన పెట్టుకొచ్చి శవం దగ్గర నేల మీద కూర్చుంటారు. రానివాళ్లను ఎవరూ పల్లెత్తు మాట అనరు. వాళ్లింట చావొచ్చినప్పుడు మాత్రం గడప తొక్కరు.

"కట్టెలెత్తుకోవే, పోదాం" అంది పిన్ని ఎనెలేసి.

"నాకు ఇంటర్వ్యూ ఉంది పిన్నీ. బడి మిట్ట మీద తప్ప సిగ్నల్ రాదు. అది కాగానే పరుగెత్తుకొస్తా."

"రేపు మాట్లాడతానని చెప్పు వాళ్లకి."

"రేపైతే కుదరదంట."

"అట్నా! అయితే నాఫిరినే రేపు చావమనాల్సింది" అని పిన్ని మోపు ఎత్తుకుని పోయింది.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. తియమికే మిట్టెక్కింది. పదింటికి చేస్తామన్న లండన్ వాళ్లు మూడింటికి గాని పలకలేదు. దిగితే సిగ్నల్ పోతుందని అంతసేపూ అక్కడే కూర్చుంది.

"సొంత పని మానుకుని జనం కోసం నిలబడిన సందర్భం ఒకటి చెప్పండి" అంది దొరసాని.

"మా ఊళ్లో ఎవరు పోయినా నేను అన్నీ వదిలేసి వెళ్లి, వాళ్ల పక్కన నేల మీద కూర్చుంటాను" అంది తియమికే. అంటూనే ఏడ్చేసింది. ఆ ఏడుపు నిజమైనదే, పాపం.

"వెనకాల ఆ పాటేమిటి? ఎంత బాగుందో!"

కింద పాటలు పాడుతూ నాఫిరిని గోతికి మోసుకుపోతున్నారు. "ప్రార్థన అండీ" అంది తియమికే.

ఫెలోషిప్ వచ్చింది. అంత చక్కటి జవాబుకు రాకేం చేస్తుంది!

ఏడాది తర్వాత తిరిగొచ్చేసరికి బోరింగు మళ్లీ మూలపడింది. తియమికే ఇల్లిల్లూ తిరిగి మీటింగుకు పిలిచింది. అందరూ నవ్వుతూ సరేనన్నారు. చెప్పిన వేళకు బోరింగు దగ్గర కూర్చుని మధ్యాహ్నం దాకా ఎదురుచూసింది. ఒక్క మనిషీ రాలేదు. సిగ్గు విడిచి పిన్ని వాకిట్లోకి వెళితే, ఆడవాళ్లంతా అక్కడే మొక్కజొన్న ఒలుస్తూ కూర్చున్నారు.

"ఏంటి పిన్నీ, ఒక్కరూ రాలేదు?"

ఎనెలేసి తలెత్తకుండానే అంది: "రాకూడదని కాదమ్మా. అందరికీ ఇంటర్వ్యూ ఉంది. అది కాగానే పరుగెత్తుకొస్తాం."