కోటు వేసుకున్న మనిషి

బరువు అడుగున ఉండాలని అర్డీలియా బ్యాగులో ముందుగా బూట్లు పెట్టింది. వాటి మీద రెండు ఉన్ని ప్యాంట్లు, ఇస్త్రీ చేసిన చొక్కాలు. చొక్కాల మధ్య ఓథా కత్తెరలు, తువ్వాలులో చుట్టి. రక్తపోటు మాత్రలు చేతికందేలా పక్క జేబులో. జిప్పు వేసింది. మాత్రలు పెట్టానో లేదోనని మళ్ళీ తీసి చూసి, మళ్ళీ వేసింది.

"పెట్టావు డీలియా, నేను చూశాను," అన్నాడు ఓథా మంచం అంచున కూర్చుని. "ఇంకోసారి తీశావంటే ఆ జిప్పు ఊడిపోతుంది. బట్టలు చంకలో పెట్టుకుని జార్జియా పోవాలి నేను."

హార్లెంలో వాళ్ళ వీధిలో ఎవరు ఊరు వెళ్ళినా బ్యాగు సర్దేది అర్డీలియానే. ఎవరూ పిలవరు. వార్త తెలియగానే ఆవిడే వస్తుంది. యుద్ధానికి పోయిన పిల్లలకి సర్దింది, పెళ్ళాడి వెళ్ళిన పిల్లలకి సర్దింది, దక్షిణాదిలో ఎవరో పోయారని హడావిడిగా బయలుదేరిన పెద్దవాళ్ళకి సర్దింది. దారిలో తినడానికి చెప్పుల అట్టపెట్టెలో వేయించిన కోడి, వెన్న కేకు ముక్కలు కూడా పెట్టి దారం కట్టేది. సర్దుతున్నంతసేపూ ఆవిడ చేతులు కుదురుగా ఉంటాయి. ఆ తర్వాతే అవి ఒకదాన్నొకటి నలుపుకోవడం మొదలుపెడతాయి.

ఓథా ఆ వీధి మూలన నలభై ఏళ్ళు మంగలిషాపు నడిపాడు. భార్య పోయింది. చేతులకి వణుకు వచ్చింది. వణికే చేతిలో కత్తి చూసి ఎవరు మెడ వంచుతారు? క్రిస్మస్‌కి షాపు మూసేశాడు. జార్జియాలో, మేకన్‌లో ఉన్న కూతురు వచ్చెయ్యమంది. మర్నాడు ఆదివారం పొద్దున్నే బస్సు.

ఈలోగా శనివారం మధ్యాహ్నం ఉంది. ఫిబ్రవరి నెలలో వచ్చే ఆ శనివారం అర్డీలియా ఇంకెక్కడికీ వెళ్ళదు. ఆ రోజు చర్చిలో హాలిస్ సినిమా బొమ్మ వేస్తారు.

ఆ చర్చి ఒకప్పుడు సినిమాహాలు. డెబ్బై రెండులో హాలిస్ బొమ్మ మొదటిసారి ఆడింది అక్కడే. తర్వాత హాలు దివాలా తీసి, కొన్ని నెలలు తాళంపడి ఉండి, చివరికి పాస్టర్ విగ్గిన్స్ చేతిలోకి వచ్చింది. ఆయన తెర ఉన్నచోట పాటబృందాన్ని నిలబెట్టాడు. ఏటా ఒక్కరోజు మాత్రం బృందాన్ని పక్కకి తప్పించి తెర దించుతాడు. తుపాకులున్న బొమ్మ దేవుడి ఇంట్లో ఏమిటని ఎవరైనా గొణిగితే, బైబిల్లో దావీదు చేతిలో ఉన్నది పువ్వుల సజ్జా అని అడుగుతాడు.

హాలిస్ నల్లజాతి డిటెక్టివ్. బొమ్మలో అతను చేసేది మరీ కొత్తదేమీ కాదు. తప్పిపోయిన పిల్లని వెతుకుతాడు, కొందరిని కొడతాడు, కొందరి చేత దెబ్బలు తింటాడు. అయినా ముప్పై ఏళ్ళుగా జనం ఎందుకు వస్తున్నారో వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. అతను తెల్ల పోలీసు అధికారి గదిలోకి వెళ్ళినప్పుడు టోపీ తియ్యడు. కూర్చోమనకుండానే కూర్చుంటాడు. పని అయ్యాక ఇంటికి వస్తాడు. వాళ్ళమ్మ తుపాకీ లాక్కుని పిండిడబ్బాలో పడేసి, తినమని పళ్ళెం పెడుతుంది. అతను తింటాడు. తాతలు మనవళ్ళని తీసుకొచ్చి ఆ టోపీ చూపిస్తారు. ఆడవాళ్ళు ఆ పళ్ళెం కోసం వస్తారు.

అర్డీలియా మాత్రం వీటిలో దేనికోసమూ రాదు. ఆవిడ తమ్ముడు థర్మన్ కోసం వస్తుంది.

ఆ సినిమా తీసినవాళ్ళు డెబ్బై ఒకటి చలికాలంలో వాళ్ళ వీధిలోనే తీశారు. పొద్దున్నే ఒకతను వచ్చి, చూడ్డానికి బాగున్న మగవాళ్ళని ఎంచి రోడ్డు మీద నడిపించేవాడు. థర్మన్‌కి గోధుమరంగు ఒంటెవెంట్రుకల కోటు ఉండేది, నడుముకి బెల్టుతో. వీధి మొత్తానికి అలాంటి కోటు అదొక్కటే. ఆ వారమంతా అతను పొద్దున్నే అది వేసుకుని వెళ్ళి, సాయంత్రం అది వేసుకుని వచ్చాడు. నన్ను తీశారక్కా, అన్నాడు. తల్లి చచ్చిపోయినప్పటినుంచి అతన్ని పెంచింది అర్డీలియానే కాబట్టి ఆమెకి మురిపెం ఆగలేదు.

బొమ్మ విడుదలయ్యేనాటికి థర్మన్ లేడు. డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసుకుంటున్నారని వెళ్ళాడు. మొదటి ఆటకి వచ్చేస్తాను, నా పక్కసీటు పట్టి ఉంచు, అన్నాడు. అర్డీలియా సీటు మీద చేతిసంచి పెట్టి కూర్చుంది. ఎవరూ రాలేదు. కానీ తెర మీద, హాలిస్ రోడ్డు దాటుతుండగా, అతని వెనక నుంచి గోధుమరంగు కోటు వచ్చింది. టోపీ కిందికి దిగి ఉంది. రోడ్డు మీది ఇనపమూత లోంచి లేచిన ఆవిరిలో ముఖం సగం కనబడలేదు. ఆ మనిషి నాలుగడుగులు ముందుకి వేసి, చెయ్యి కొంచెం పైకెత్తి, పక్కకి వెళ్ళిపోయాడు.

అర్డీలియా కూడా చెయ్యెత్తింది. అప్పటినుంచి ప్రతిసారీ ఎత్తుతుంది.

తర్వాత డెట్రాయిట్ వెళ్ళి వెతికింది. అద్దెగది యజమానురాలు, అలాంటివాడు రెండు వారాలు ఉండి వెళ్ళిపోయాడంది. పోలీసులు పేరు రాసుకోవడానికి కూడా పెన్ను తియ్యలేదు. ఇంట్లో అతని ఫోటోలు రెండున్నాయి. వాటిలో అతను కదలడు. బొమ్మలో నడుస్తాడు. ఏడాదికి ఒక్కసారి నడిచే తమ్ముణ్ణి చూస్తే, ఆ ఏడాదంతా, పోయాడు అనే మాట అనకుండా గడిపెయ్యగలిగేది.

ఓథా ఆ బొమ్మ చర్చిలో ఎప్పుడూ చూడలేదు. శనివారం మంగలికి ఊపిరాడని రోజు. అందుకే ఆ రోజు, బ్యాగు సర్దడం అయ్యాక, పోయేముందు ఒక్కసారి నేనూ వస్తానన్నాడు. ఇద్దరూ మంచుమీద మెల్లిగా నడిచి వెళ్ళారు. గ్యాసు కట్టేశావా అని అర్డీలియా దారిలో రెండుసార్లు అడిగింది.

హాలు నిండింది. లేచి నిలబడి పాస్టర్‌ని పలకరించడం, ఓథాని పట్టుకుని నా తల పాడుచేసి పారిపోతున్నావా అని మగవాళ్ళు ఏడిపించడం, అంతా అయ్యాక దీపాలు ఆపారు. పడగ్గది దృశ్యం వచ్చినప్పుడు పాస్టర్ విగ్గిన్స్ ఏటా చేసినట్టే అట్ట విసనకర్ర తీసి ప్రొజెక్టర్ మిషన్ కంటికి అడ్డం పెట్టాడు. ఏటా అరిచినట్టే జనం అరిచారు. వెనకనుంచి ఒక ముసలాయన, "పాస్టర్‌గారూ, మా ఆవిడ పోయి పదేళ్ళయింది, కాస్త చూడనివ్వండి," అన్నాడు. విసనకర్ర కదల్లేదు.

పోలీసు గది వచ్చింది. ఇక్కడికి నిన్నెవరు పిలిచారని అధికారి అడుగుతాడు. హాలిస్ జవాబు చెప్పే లోపలే హాలంతా ఒక్క గొంతుతో చెప్పింది: "ఎవరూ పిలవలేదు. నేనుండేది ఇక్కడే." ఓథా తొడ చరుచుకుని నవ్వాడు.

తర్వాత వీధి వచ్చింది. మంచు, ఆవిరి, ఆగిన కార్లు. అర్డీలియా చెయ్యి ఒళ్ళోంచి లేచింది.

"చూడు చూడు, నేనే," అన్నాడు ఓథా ఆమె మోచెయ్యి పట్టుకుని. "ఎంత సన్నగా ఉన్నానో చూడు డీలియా. ఆ నడుమేది ఇప్పుడు?"

గోధుమరంగు కోటు నాలుగడుగులు వేసి, చెయ్యెత్తి, వెళ్ళిపోయింది.

అర్డీలియా చెయ్యి గాల్లో అలాగే ఉంది. తర్వాత దించింది. ఒళ్ళో పెట్టుకుంది. అది చల్లగా ఉందని అనిపించింది, అంతే. తెర మీద హాలిస్ ఎవరినో గోడకి నొక్కి పట్టుకుని ప్రశ్నలు వేస్తున్నాడు.

"అది థర్మన్ కోటు," అంది.

"థర్మన్ కోటే మరి. మనలో ఇంకెవడికుంది అలాంటిది?" అన్నాడు ఓథా గొంతు తగ్గించి. అతనిది దాచుకున్న మాట చెబుతున్న గొంతు కాదు. అందరికీ తెలిసిన ముచ్చట చెబుతున్నట్టే చెప్పాడు. మంచి బట్టలున్నవాళ్ళనే తీసుకునేవారు. ఒకసారి తీసిన ముఖాన్ని మళ్ళీ తీసేవారు కాదు. అందుకని రోజూ పొద్దున్నే థర్మన్ నేరుగా మంగలిషాపుకి వచ్చి, కోటు విప్పి, ఆ రోజు ఎవరి వంతైతే వాళ్ళకి తొడిగేవాడు. ఒక కోటు మీద ఆ వారం షాపులో అయిదుగురు సినిమా ఎక్కారు. సాయంత్రం కోటు తిరిగి అతని ఒంటి మీదికి వచ్చేది.

"మరి వాడు?" అంది అర్డీలియా.

"వాడు మొదటిరోజు చేశాడు. బిలియర్డ్స్ ఆడే చోట. ఆ ముక్క బొమ్మలో పెట్టలేదు, తీసేశారు. నీకు తెలీదా?" ఓథా తెరవైపే చూస్తూ చెప్పాడు. "నా వంతు రోజున వాడు నా షాపు చొక్కా ఒక్కటి వేసుకుని, చలికి గజగజ వణుకుతూ, కెమెరా పక్కన నిలబడి కోతివేషాలు వేశాడు. కెమెరా వైపు చూడకూడదని వాళ్ళు వందసార్లు చెప్పారు. నేను చూడకుండా ఎలా ఉంటాను? నవ్వు ఆపుకోలేక వాడికే చెయ్యి చూపించాను, పోరా అని."

అంటే అర్డీలియా ముప్పై ఏళ్ళు ఓథాకి చెయ్యి ఊపింది. ఓథా రోజూ ఉదయం షాపు తలుపు తెరుస్తూ పలకరించేవాడు, ఆవిడ సంచి మొయ్యడానికి వచ్చేవాడు. అతన్ని చూడ్డానికి చర్చికి రావక్కరలేదు. థర్మన్ ఆ బొమ్మలో ఎక్కడా లేడు. ఉన్నది ఆ బొమ్మకి ఇవతల, కెమెరా పక్కన. ఏడవాలేమోనని ఎదురుచూసింది. ఏమీ రాలేదు. చెయ్యి మొద్దుబారి నిద్రపోయినప్పుడు పక్కవాడి చెయ్యిలా ఉంటుందే, ఒళ్ళంతా అలా ఉంది.

హాలిస్ ఇంటికి వచ్చాడు. తల్లి పళ్ళెం పెట్టింది. చుట్టూ ఆడవాళ్ళు, తిను నాయనా, తిను, అన్నారు. అర్డీలియా కూడా అంది, అలవాటు కొద్దీ.

బయటికి వచ్చాక ఓథా అడిగాడు. "నేను బాగా నడిచానా?"

చెప్పవచ్చు. నువ్వు నా తమ్ముడివనుకున్నాను అని చెప్పవచ్చు. చెబితే అతను మేకన్ దాకా బస్సులో ఆ మాట మోసుకుంటూ కూర్చుంటాడు.

"బాగా నడిచావు," అంది. "దొరబాబులా ఉన్నావు. ఆ టోపీ ఒక్కటే కొంచెం కిందికి లాగావు."

"అందంగా ఉంటానని కుళ్ళుకుంటారని లాగాను," అన్నాడు ఓథా.

మర్నాడు చెప్పుల పెట్టెకి దారం కట్టి ఇచ్చింది. బస్సు కదిలేటప్పుడు అతను కిటికీలోంచి చెయ్యెత్తాడు. ఆమె ఎత్తింది. అది ఎవరి చెయ్యో ఈసారి స్పష్టంగా తెలుసు.

ఆ ఏడాది గడిచింది. అర్డీలియా కొంత తక్కువ మాట్లాడింది, ఎవరూ గమనించేంత కాదు. ఫిబ్రవరి వచ్చింది. వెళ్ళకూడదనుకుంది. శనివారం మధ్యాహ్నం అయ్యేసరికి కోటు వేసుకుని మెట్లు దిగుతూ ఉంది. పక్కసీటులో బెర్నీస్ అనే ఆవిడ కూర్చుంది, చర్చికి కొత్తగా చేరిన నర్సు. ఆ బొమ్మ చిన్నప్పుడు తండ్రితో చూశానని చెప్పింది. ఈ వీధిలోనే తీశారట కదా, మీ వాళ్ళెవరైనా ఉన్నారా మిస్ డీలియా, అని అడిగింది.

ఆవిరి లేచింది. గోధుమరంగు కోటు నడిచి వచ్చింది.

"అదిగో, ఓథా," అంది అర్డీలియా. "మా వీధి మంగలి."

"మీ బంధువా?"

"కాదు. ఆ కోటు మా తమ్ముడిది."

"ఆయన కూడా ఉన్నారా ఇందులో?"

"లేడు," అంది అర్డీలియా. ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. బెర్నీస్ ఇంకా తనవైపే చూస్తూ ఉండటంతో, ముప్పై రెండేళ్ళుగా ఎవరితోనూ అనని మిగతా మాట కూడా చెప్పింది. మా తమ్ముడు థర్మన్ గెయిన్స్, డెబ్బై రెండు అక్టోబరులో డెట్రాయిట్ వెళ్ళాడు. తిరిగి రాలేదు.