పదమూడో మెంబరు

కౌన్సిల్లో మెంబర్లు పన్నెండు మంది. పదమూడో మెంబరు గ్యాలరీ మొదటి వరసలో, ఫ్యాను కింద కూర్చుంటుంది. ఆవిడను ఎవరూ ఎన్నుకోలేదు. అయినా ఛైర్మన్ మైకు సవరించుకునే ముందు ఒకసారి ఆవిడ వైపు చూసి గుటక మింగుతాడు.

ఆవిడకి కౌన్సిల్ భవనం వెనక సందులో ఇస్త్రీ దుకాణం ఉంది. లీజు భర్త పేరు మీద, పెత్తనం ఆవిడది. మెంబర్ల చొక్కాలన్నీ ఆవిడ పెట్టె కిందికే రావాలి. వాళ్ల గుట్లూ అంతే.

గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు అక్కడ ఒకటే హక్కు. ఒక సమావేశంలో ఒక మనిషి ఒక్కసారే లేవాలి. లేచి ‘అభ్యంతరం’ అంటే ఆ అంశం వచ్చే సమావేశానికి వాయిదా పడి తీరాలి. ఆ ఒక్క ముక్కతోనే ఆవిడ ఒక పార్కును, రెండు కుళాయిలను కాపాడింది.

“చివరిదాకా చెయ్యెత్తకూడదు,” అని సందంతా వినేలా పాఠం చెప్పేది. “అసలు దొంగ అజెండాలో ఉండడు. అందరూ చెప్పులేసుకునే టైముకి అదనపు అంశం అంటూ వస్తాడు.”

సమావేశానికి ముందురోజు మధ్యాహ్నం మరిది వచ్చాడు. ఆ వార్డు మెంబరు అతనే.

“వదినా, రేపు నాలుగో అంశం చూశావా? చెత్త బళ్ల కాంట్రాక్టు. ఛైర్మన్ బామ్మర్దికి పోతోంది.”

“నువ్వు మెంబరువేగా. నీకు నోరు లేదా?”

“నేను లేస్తే మా పార్టీవాళ్లు ఉతికి ఆరేస్తారు. నువ్వు లేస్తే చప్పట్లు కొడతారు.”

“నేను చివర్లోగానీ లేవను. తెలుసుగా.”

“నాలుగోది దాటిపోయాక లేచి ఏం లాభం? రేపు చివర్లో ఏమీ లేదు వదినా, నాదీ పూచీ. టీవీవాళ్లు కూడా వస్తున్నారు.”

ఇస్త్రీపెట్టె ఆగింది. “ఏ టీవీ?”

మూల కూర్చుని బట్టల మీద నీళ్లు చల్లుతున్న భర్త తలెత్తాడు. “రేపటికి నా చొక్కా కూడా ఒకటి చెయ్యవే.”

“మీకెందుకండీ ఇస్త్రీ? నా పక్కన గొడుగు పట్టుకుని కూర్చునేదానికి ముడతలుంటే ఎవడు చూస్తాడు?”

మరిది పగలబడి నవ్వాడు. భర్త కూడా నవ్వాడు. ఎన్నో ఏళ్లుగా ఆ గ్యాలరీలో ఆయన పని అదే. గొడుగు మొయ్యడం, నవ్వడం. ‘సారు మాట్లాడరా?’ అని ఎవరైనా అడిగితే, ‘ఆయనది మౌనవ్రతం, తాళి కట్టిన రోజు నుంచీ,’ అని ఆవిడే జవాబు చెప్పేది. గ్యాలరీ గొల్లుమనేది.

మర్నాడు ఆయన తనే ఇస్త్రీ చేసుకున్న తెల్లచొక్కాలో వచ్చాడు. ఆవిడ గమనించలేదు. కెమెరాలు ఎటున్నాయో చూసుకుంటోంది.

నాలుగో అంశం రాగానే లేచింది.

“చెత్త బళ్లు ఊళ్లో తిరగట్లేదండీ. చెత్త మాత్రం ఈ హాల్లో ఏసీ కింద చల్లగా కూర్చుంది. అభ్యంతరం!”

గ్యాలరీ ఈలలు వేసింది. ఛైర్మన్ మొహం మాడిపోయింది. అంశం వాయిదా. ఆవిడ కెమెరాకు ఎదురుగా కొంగు సర్దుకుని కూర్చుంది.

చివర్న మరిది లేచాడు. నిన్న ఆవిడ గంజి పెట్టి మరీ ఇచ్చిన చొక్కాలో.

“అదనపు అంశం. కౌన్సిల్ భవనం వెనక సందులో దుకాణాలు తొలగించి, కార్ల పార్కింగుకు కేటాయించాలి.”

ఆవిడ ఎగిరి లేచింది. “అభ్యంతరం!”

“కూర్చోండమ్మా,” అన్నాడు ఛైర్మన్ తీరిగ్గా. “మీ వంతు అయిపోయింది.”

“అది నా దుకాణం! నా పొట్ట కొడుతున్నారు!”

“ఒక మనిషి ఒక్కసారే. అవతలివాళ్లు రెండోసారి లేస్తే రూలు చదివి కూర్చోబెట్టింది మీరే కదమ్మా?”

పన్నెండు మందీ నవ్వారు.

ఆవిడ వెనక్కి తిరిగింది. ఈలలు వేసినవాళ్లంతా అప్పటికే చెప్పులేసుకుని వెళ్లిపోయారు. సందులో వాళ్లు ఒక్కరైనా ఉంటే చాలు. టైలరు లేడు. చెప్పులు కుట్టేవాడు లేడు. ఒకప్పుడు వచ్చేవాళ్లు. ‘మీకు మాట్లాడడం రాదు, నోరు జారతారు, నాకు వదిలెయ్యండి,’ అని ఆవిడే పంపేసింది. ‘అక్క ఉందిగా’ అనుకుని వాళ్లు నిశ్చింతగా షట్టర్లు ఎత్తుకుని కూర్చున్నారు.

వాడని వంతు ఒక్కటే మిగిలింది. ఆవిడ పక్కనే.

“ఏవండీ, లేవండి! ఒక్క మాట. అభ్యంతరం అనండి చాలు. మీకు దణ్ణం పెడతా, లేవండి!”

ఆయన గొడుగు ఆవిడ చేతిలో పెట్టి, లేచి నిలబడ్డాడు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

“తమరెవరు?” అన్నాడు ఛైర్మన్, తెలియనట్టు.

“ఆ సందులో ఇస్త్రీ దుకాణం లీజు నా పేరు మీదుందండి.”

“అభ్యంతరమా?”

హాలంతా చెవులు రిక్కించింది. ఆయన గొంతు ఎలా ఉంటుందో అక్కడెవరికీ తెలియదు.

“లేదండి. సందు ఇరుకు. కార్లకే బాగుంటుంది.”

సుత్తి బల్ల మీద పడింది. ఏకగ్రీవం.

బయట మెట్ల మీద మరిది అన్న భుజం తట్టాడు. “బస్టాండ్లో నీకు మాటిచ్చిన కొట్టు తాళాలు రేపే ఇప్పిస్తాను అన్నయ్యా. వదినా, దిగులుపడకు. అక్కడా నీకు పనుంటుంది. బట్టల మీద నీళ్లు చల్లే మనిషి కావాలిగా.”

ఆవిడ భర్త మొహంలోకి చూసింది. “ఎందుకండీ?”

“ఇస్త్రీ చొక్కా ఎందుకో నిన్న అడిగావుగా,” అన్నాడు ఆయన.

చినుకులు మొదలయ్యాయి. ఆయన ఒక మెట్టు దిగి, వెనక్కి తిరగకుండానే ఆగాడు.

“గొడుగు పట్టు. చొక్కా తడుస్తోంది.”

కెమెరాలవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. ఆవిడ గొడుగు విప్పింది.