కంచమంత కన్నం

పార్టీ ఆఫీసు ముందు కట్టిన ఫ్లెక్సీలో ఒక కన్నం పొద్దుటినుంచీ ఉపాధ్యక్ష అభ్యర్థిని వెతుక్కుంటోంది. ముహూర్తం దాటిపోతుందని, మనిషెవరో తేలకుండానే అచ్చేయించారు మరి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! పూర్వాచార పార్టీ అధ్యక్ష అభ్యర్థి పరాంకుశరావు ముఖం అందులో గదంత ఉంది. పక్కన కన్నం కంచమంత. పెద్దాయన పక్కన ఎవరైనా చిన్నగానే కనపడాలి, అది పార్టీ ఆచారం.

నిచ్చెన ఎక్కి ముఖం పెట్టినవాళ్ళను కన్నం కాసేపు చప్పరించి ఉమ్మేస్తోంది. ఇద్దరు మాజీ మంత్రులు ఇప్పటికే తడి మొహాలు తుడుచుకుంటూ దిగిపోయారు.

ఇప్పుడు వకుళ వంతు. ఇరవై ఆరేళ్ళుగా పరాంకుశరావు ప్రసంగాలు రాస్తున్న మనిషి. పదవి మీద మోజు లేదు. ఆయన మంత్రిగా ఉన్నప్పుడు మూయించిన ఆడపిల్లల హాస్టల్ తెరిపించాలి, అంతే. నలభై మంది పిల్లలు ఇంకా ఆ గేటు బయట పెట్టెల మీద కూర్చునే ఉన్నారు. పదకొండేళ్ళయినా ఒక్కరికీ వయసు పెరగలేదు. పక్క కుర్చీ దొరికితే ఆయన చెవిన ఒక్క మాట వెయ్యొచ్చని ఆమె ఆశ.

కన్నం ఆమెనూ ఉమ్మేస్తుంది.

"నోరు అడ్డొస్తోందమ్మా," అంటాడు కింద నిచ్చెన పట్టుకున్న పార్టీ కార్యదర్శి చెంచురామయ్య. "హాస్టల్ మూసిన రోజున మీరొక్కరే కాదన్నారు కదా. ఆ మాట ఇంకా పెదాల మీదే ఉంది."

"అయితే ఏం చెయ్యమంటారండీ?"

"తీసి ఇలా ఇవ్వండి. గెలిచాక పెట్టుకుందురుగాని."

"గెలిచాక ఇస్తారా మరి?"

"అడిగితే ఇస్తామండీ. అడక్కుండా ఎవరిస్తారు?"

పిల్లల కోసమే కదా అనుకుంటుంది వకుళ. ముక్కుపుడక తీసినంత తేలిగ్గా నోరు ఊడి వస్తుంది. చెంచురామయ్య దాన్ని తాంబూలం పళ్ళెంలో పెట్టి, పళ్ళేన్ని ఫ్లెక్సీ కింద ఉంచుతాడు. ఈసారి ముఖం కన్నంలో అతికినట్టు కూర్చుంటుంది. మళ్ళీ వెనక్కి రాదు. బాజాలు మోగుతాయి. అయ్యో, అడగడానికే నోరు కావాలి కదా అని అప్పుడు తడుతుంది ఆమెకు.

బాజాలు విని గేటు దగ్గరి పిల్లలు పెట్టెలు మోసుకుంటూ వస్తారు. తలెత్తి చూసి మురిసిపోతారు.

"మన వకుళమ్మగారేనే! నోరు తీసిస్తే లోపలికి రానిస్తారంట," అంటుంది వాళ్ళలో పెద్దపిల్ల.

నలభై మందీ పళ్ళెం ముందు వరుస కడతారు. వద్దు తల్లీ, వద్దని వకుళ అరవబోతుంది. అరుపు కళ్ళదాకా వచ్చి ఆగిపోతుంది. పళ్ళెం నిండుతుంది.

కార్యకర్తలు బిందెలతో ఎక్కి ఫ్లెక్సీకి పాలాభిషేకం మొదలుపెడతారు. పాలు పరాంకుశరావు నవ్వు మీదుగా వకుళ ముఖం మీదికొచ్చి, ఆగే చోటు లేక జారి, కింద పళ్ళెంలో పడతాయి. అందులో నలభై ఒక్క నోళ్ళు "తలుపు తియ్యండి, తలుపు తియ్యండి" అంటున్నాయి. పాలు తగలగానే ఒక్కొక్కటే మాట మాని చప్పరించడంలో పడుతుంది.

అన్నిటికన్నా ముందు ఊరుకున్నది వకుళ నోరే.